ఉద్యోగం పేర బేరం: మన బిడ్డలను, మన పొదుపును కాపాడుకొందాం

ఒక తరం క్రితం వరకు రైల్వే క్వార్టర్లలోనూ, తపాలా ఉద్యోగుల ఇండ్లలోనూ బిడ్డ చదువు ముగిసిన వెంటనే జరిగే పని ఒకటే ఉండేది. జిల్లా ఉపాధి కల్పనా కార్యాలయానికి పోయి పేరు నమోదు చేయించడం, కార్డును గడువు తప్పకుండా పునరుద్ధరించుకోవడం, ఇంటర్వ్యూ పిలుపు రిజిస్టర్డు పోస్టులో వస్తుందని ఎదురుచూడడం. ఆ ఎదురుచూపు దీర్ఘమైనదే, తరచుగా నిష్ఫలమైనదే. కాని ఆ కార్యాలయం పేరు నమోదుకు ధర అడగలేదు. అభ్యర్థి సర్టిఫికెట్లను తన బీరువాలో పెట్టి తాళం వేయలేదు. రాత్రికి రాత్రి బోర్డు తిప్పివేయలేదు.

నేడు మన బిడ్డలలో అధిక సంఖ్యాకులు ఇంజనీరింగు పట్టా చేతపట్టుకొని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం హైదరాబాదు, బెంగళూరు, చెన్నై, పుణె నగరాల వైపు నడుస్తున్నారు. అక్కడ వారికి మొదట ఎదురయ్యేది యజమాని కాదు. యజమానికీ, వారికీ మధ్య నిలిచిన రిక్రూట్‌మెంట్ ఏజెన్సీ. వాడుకలో దానికి "కన్సల్టెన్సీ" అని పేరు. ఫోను చేసేది కన్సల్టెన్సీ, వివరాలు తీసుకొనేది కన్సల్టెన్సీ, జీతం బేరమాడేది కన్సల్టెన్సీ. పెక్కు సందర్భాలలో నియామకం తరువాత జీతం చెల్లించేది కూడా అదే. 2022, 2023 సంవత్సరాలలో ఈ పరిశ్రమ నియామకాలను తగ్గించి, ఆఫరు ఇచ్చిన పట్టభద్రులను సైతం నెలల తరబడి చేర్చుకొనక నిలిపి ఉంచిన నాటి నుండి ఈ మధ్యవర్తుల పట్టు మరింత బిగిసింది. అవకాశాలు కొరవడిన చోట దళారికి గిరాకీ పెరగడం సహజం.

ఇది సాఫ్ట్‌వేర్ రంగపు సమస్య, మనకేమి సంబంధం అని అనుకొనరాదు. బిడ్డ ఉద్యోగానికి "డిపాజిట్" కట్టవలెనన్నప్పుడు ఆ డబ్బు ఎక్కడి నుండి వస్తున్నది? ప్రావిడెంట్ ఫండు నుండి తీసిన సొమ్ము నుండి, సహకార పరపతి సంఘపు అప్పు నుండి, పదవీ విరమణ నాడు చేతికి వచ్చిన గ్రాట్యుటీ నుండి. ముప్పది సంవత్సరాలు రాత్రి డ్యూటీలు చేసి కూడబెట్టినది ఒక్క యు.పి.ఐ. చెల్లింపుతో చేయి దాటిపోతున్నది. కనుక ఇది మన సమస్యే. సంఘం పట్టించుకొనవలసిన సమస్యే.

నాటి మేస్త్రీ, నేటి కన్సల్టెంటు

పనిని చూపించి పనివాని నుండి సొమ్ము గుంజే పద్ధతి కంప్యూటరుతో పుట్టినది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకాల నుండి గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగు కూలీలు వేల సంఖ్యలో ఓడలెక్కి రంగూన్ చేరారు. వారిని చేర్చినవాడు మేస్త్రీ. ముందుగా బయానా ఇచ్చేవాడు అతడే, పని చూపించేవాడు అతడే, కూలి పంచేవాడు అతడే. బయానా అప్పుగా మారేది. అప్పు కూలిలో కోతగా మారేది. మిల్లులలో జాబర్లు, ఇతర పనిస్థలాలలో సర్దార్లు నడిపిన వ్యవహారం కూడా ఇదే తీరున ఉండేది.

1929లో విట్లీ అధ్యక్షతన నియమితమైన రాయల్ లేబర్ కమిషన్ 1931లో సమర్పించిన నివేదికలో ఈ మధ్యవర్తుల లంచగొండితనాన్ని గుర్తించింది. పనిలో చేర్చుకొనే అధికారాన్నీ, తొలగించే అధికారాన్నీ జాబరు చేతి నుండి తప్పించి లేబర్ ఆఫీసర్లకు అప్పగించవలెనని సిఫారసు చేసింది. 1945లో యుద్ధం నుండి తిరిగి వచ్చే సైనికుల పునరావాసం కొరకు ప్రభుత్వ ఉపాధి కార్యాలయాల వ్యవస్థ ఏర్పడింది; 1948 నాటికి దాని తలుపులు ఉద్యోగార్థులందరికీ తెరువబడినవి. ఉచితమైన ప్రభుత్వ ఉపాధి సేవను నిర్వహించవలెనని చెప్పే అంతర్జాతీయ కార్మిక సంస్థ 88వ ఒడంబడికను భారతదేశం 1959లో ధ్రువీకరించింది. అదే సంవత్సరం ఖాళీలను ఉపాధి కార్యాలయాలకు తప్పనిసరిగా తెలియజేయవలెననే చట్టం వచ్చింది.

ఆ చట్టంలో ఆదిలోనే ఒక లోపం ఉన్నది. ఖాళీని తెలియజేయడం వరకే యజమాని బాధ్యత; ఆ కార్యాలయం పంపిన అభ్యర్థులనే తీసుకొనవలసిన బాధ్యత అతనికి లేదు. కృష్ణా జిల్లా నుండి వెళ్లిన ఒక కేసులో 1996లో సుప్రీంకోర్టు, ఉపాధి కార్యాలయపు జాబితాకే పరిమితం కాక పత్రికా ప్రకటనల ద్వారా కూడా దరఖాస్తులు ఆహ్వానించవలెనని తీర్పు చెప్పింది. సమాన అవకాశం దృష్ట్యా ఆ తీర్పు న్యాయమైనదే. కాని ఉపాధి కార్యాలయాలను కొత్త పరిశ్రమలకు తగినట్లు తీర్చిదిద్దే పనిని ప్రభుత్వాలు చేపట్టలేదు. సాఫ్ట్‌వేర్ పరిశ్రమ విస్తరించిన దశాబ్దాలలో ఆ పరిశ్రమ భాష తెలిసిన ప్రభుత్వ ఉపాధి కార్యాలయం లేకపోయింది. ఆ ఖాళీలోనికి ప్రైవేటు ఏజెన్సీ ప్రవేశించింది. 1931లో వెళ్లగొట్టుమన్న మేస్త్రీ మెడలో ఐడి కార్డు వేసుకొని తిరిగి వచ్చాడు.

ఏజెన్సీకి డబ్బిచ్చేది ఎవరు?

ఏజెన్సీలన్నీ మోసపు సంస్థలేనని మేము చెప్పడం లేదు. సక్రమంగా పనిచేసే ఏజెన్సీలు ఉన్నవి. వాటి ద్వారా మంచి ఉద్యోగాలు పొందినవారు మన కుటుంబాలలోనే ఉన్నారు. ఆ కార్యాలయాలలో కూర్చుని రోజంతా ఫోన్లు చేసే యువతీ యువకులు కూడా నెలవారీ టార్గెట్ల కింద నలిగే ఉద్యోగులే. కాని ఏ ఏజెన్సీతో వ్యవహరించినా తొలుత తెలుసుకొనవలసిన విషయం ఒకటి ఉన్నది: దాని ఆదాయం ఎక్కడిది?

సక్రమమైన ఏజెన్సీ రెండు విధాలుగా సంపాదిస్తుంది. మొదటిది, శాశ్వత ఉద్యోగానికి మనిషిని చూపినందుకు కంపెనీ నుండి రుసుము తీసుకొనడం. ఇది సాధారణంగా ఆ ఉద్యోగి వార్షిక వేతనంలో కొంత శాతంగా ఉంటుంది. మన దేశంలో 8.33 శాతం, అనగా ఒక నెల జీతం, అనే లెక్క వాడుకలో ఉన్నది. చేరిన ఉద్యోగి కొద్ది నెలలలోనే వెళ్లిపోతే మరొకరిని చూపవలెననే షరతు కూడా తరచు ఉంటుంది. రెండవది, ఏజెన్సీ తానే యజమానిగా ఉండి మనిషిని కంపెనీకి పనికి పంపడం. కంపెనీ ఏజెన్సీకి ఒక మొత్తం చెల్లిస్తుంది. అందులో తన వాటా మినహాయించుకొని మిగిలినది ఏజెన్సీ జీతంగా ఇస్తుంది. రైల్వేలలో కాంట్రాక్టు కార్మికులను చూచినవారికి ఈ లెక్క కొత్తది కాదు.

ఈ రెండు పద్ధతులలోనూ డబ్బు ఇచ్చేది యజమాని. ఉద్యోగార్థి ఏజెన్సీకి ఖాతాదారు కాదు; అది అమ్ముకొనే సరకు. ఈ మాట కటువుగా ఉన్నా వాస్తవం ఇదే. కనుక ఏజెన్సీ మనిషి ఎంత ఆత్మీయంగా మాట్లాడినా, అతని మొగ్గు రుసుము చెల్లించే కంపెనీ వైపే ఉంటుంది. జీతం బేరంలో అతడు మన వకీలు కాడు. త్వరగా ఒప్పుకొమ్మని తొందరపెట్టడం అతని వృత్తి. ఆలోచించి ఒప్పుకొనడం మన హక్కు.

దీని నుండి రెండవ సత్యం కూడా తేటతెల్లమవుతున్నది. యజమాని నుండి రుసుము వస్తున్నప్పుడు ఉద్యోగార్థి నుండి అడగవలసిన అవసరం లేదు. అడుగుతున్నదంటే, ఆ ఏజెన్సీకి రుసుమిచ్చే యజమాని లేడని, అనగా ఇవ్వడానికి ఉద్యోగమే లేదని, అర్థం చేసుకొనవలెను. రిజిస్ట్రేషన్ రుసుమన్నా, తిరిగి ఇచ్చే డిపాజిట్ అన్నా, ల్యాప్‌టాప్ ఖర్చన్నా, శిక్షణ రుసుమన్నా పేరు ఏదైనా ఒకటే.

మోసం నడిచే దారులు

హైదరాబాదులో అమీర్‌పేట శిక్షణ కేంద్రాలు దేశమంతటికీ తెలిసినవే. పని నేర్చుకొనడానికి రుసుము చెల్లించడంలో తప్పు లేదు. కాని "శిక్షణతో పాటు ఉద్యోగం గ్యారంటీ" అని లక్షలు వసూలు చేసి, కొన్నాళ్లు ఒక గదిలో కూర్చోబెట్టి, నెలో రెండు నెలలో జీతమని కొంత సొమ్ము ఇచ్చి, ఆపై కార్యాలయానికి తాళం వేసి మాయమైన సంస్థలపై మాదాపూరు పరిసరాలలో పలుమార్లు పోలీసు కేసులు నమోదైనవి. దీనికి "బ్యాక్‌డోర్ ఉద్యోగం" అని ముద్దుపేరు. దొడ్డిదారి అని పేరులోనే ఉన్నప్పుడు అది ఎక్కడికి దారితీస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు.

మరొక దారి దొంగ అనుభవ పత్రం. రెండేళ్లో మూడేళ్లో పని చేసినట్లు పత్రాలు, జీతపు స్లిప్పులు సృష్టించి అమ్ముతారు. పెద్ద కంపెనీలు నియామకం తరువాత కూడా పూర్వచరిత్రను తనిఖీ చేస్తాయి. ప్రావిడెంట్ ఫండు ఖాతాలో నెలనెలా జమలు ఉన్నవో లేవో చూస్తాయి. అబద్ధం బయటపడిన నాడు ఉద్యోగం పోవడమే కాక, తిరిగి ఆ గుమ్మం తొక్కలేని స్థితి వస్తుంది. పత్రం అమ్మినవాడు అప్పుడు ఫోను ఎత్తడు. అభ్యర్థి మాత్రం నకిలీ పత్రం వాడినవాడుగా మిగిలిపోతాడు.

ఈ మోసం చదువులేనివారికే జరుగుతుందనుకొనడం పొరపాటు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకే పరిమితమనుకొనడం అంతకన్న పొరపాటు. 2022లో తమిళనాడుకు చెందిన 28 మంది యువకులను రైల్వే ఉద్యోగాల పేర నమ్మించి సుమారు 2.67 కోట్ల రూపాయలు వసూలు చేశారు. టి.టి.ఇ., ట్రాఫిక్ అసిస్టెంట్, క్లర్కు ఉద్యోగాలకు శిక్షణ అని చెప్పి వారిని న్యూఢిల్లీ స్టేషనులో దాదాపు నెల రోజుల పాటు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున, వచ్చే పోయే రైళ్లను, వాటి బోగీలను లెక్కపెట్టించారు. వారిలో పట్టభద్రులు ఉన్నారు. రైల్వేలో ఏ నియామకం ఎలా జరుగుతుందో తెలిసిన మన సోదరుడు ఒక్కడు వారికి ఆ ముందు వారం ఎదురుపడి ఉంటే ఆ కుటుంబాలు నిలిచేవి. తెలిసినవాని మాట విలువ అటువంటిది.

విదేశీ ఉద్యోగాల పేర జరుగుతున్నది ఇంతకన్న ఘోరం. థాయిలాండులో డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగాలని ఆశ చూపి, ఐ.టి. నైపుణ్యం గల యువకులను అక్రమంగా మయన్మారు సరిహద్దు దాటించి, నిర్బంధంలో ఉంచి, సైబర్ మోసాలు చేయిస్తున్నారని విదేశాంగ మంత్రిత్వ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరిక జారీ చేసింది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు, డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి ఆంధ్ర యువకులను కంబోడియాకు తరలించిన దళారులను అరెస్టు చేశారు. 2025 మార్చి 10, 11 తేదీలలో మయన్మారు–థాయిలాండు సరిహద్దులోని ఇటువంటి కేంద్రాల నుండి బయటపడిన 549 మంది భారతీయులను వైమానిక దళ విమానాలలో స్వదేశానికి చేర్చవలసి వచ్చింది. వారిలో తెలుగువారూ ఉన్నారు. రంగూన్ మేస్త్రీ నాటి ఓడ ప్రయాణం గుర్తున్న జాతికి ఇది చిన్న విషయం కారాదు.

ఎలా వ్యవహరించవలెను?

భయపడి ఏజెన్సీలన్నిటికీ దూరంగా ఉండుమని చెప్పడం వలన ప్రయోజనం లేదు. నేటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలలో పెక్కు వాటి ద్వారానే భర్తీ అవుతున్నవి. మనం సర్వీసు రిజిస్టరును ఎంత జాగ్రత్తగా చూచుకొంటామో, మన బిడ్డలు ఉద్యోగాన్వేషణను అంత జాగ్రత్తగా నడుపుకొనవలెను.

మొదటిది: ఒక నోటు పుస్తకం పెట్టవలెను. ఏ తేదీన ఏ ఏజెన్సీ ఫోను చేసింది, మాట్లాడినవారి పేరు ఏమి, ఏ కంపెనీకి, ఏ పనికి వివరాలు పంపుతామన్నారు, ఇవన్నీ అందులో వ్రాయవలెను. కంపెనీ పేరు చెప్పక ముందు తన వివరపత్రాన్ని పంపడానికి అంగీకరించరాదు. ఒకే అభ్యర్థిని రెండు ఏజెన్సీలు ఒకే కంపెనీకి పంపితే, రుసుము ఎవరికి చెందాలనే తగాదా భయంతో ఆ కంపెనీ అభ్యర్థినే పక్కన పెట్టడం కద్దు. "నా అనుమతి లేనిదే ఎక్కడికీ పంపరాదు" అని ఇ-మెయిలులో వ్రాసి ఉంచడం మేలు.

రెండవది: ఎవరి ఉద్యోగిగా చేరుతున్నామో ముందుగానే అడగవలెను. కంపెనీ జీతపు పట్టీలోనా, ఏజెన్సీ జీతపు పట్టీలోనా? ఏజెన్సీ పట్టీలోనైతే ఒప్పందం ఎన్ని నెలలకు, ప్రాజెక్టు ముగిస్తే జీతం ఉంటుందా, సెలవులు ఎన్ని, ప్రావిడెంట్ ఫండు ఎవరు జమ చేస్తారు, తరువాత కంపెనీ తన ఉద్యోగిగా తీసుకొంటుందన్న మాట కాగితం మీద ఉన్నదా? నోటి మాటకు విలువ లేదని మనకు ఎన్నో చర్చల వేదికల వద్ద అనుభవమే.

మూడవది: జీతం అంకెను విడదీసి చూడవలెను. "సంవత్సరానికి ఆరు లక్షలు" అన్న అంకెలో యజమాని చెల్లించే ప్రావిడెంట్ ఫండు వాటా, మూలవేతనంపై 4.81 శాతంగా లెక్కకట్టే గ్రాట్యుటీ, బీమా ప్రీమియం, పనితీరును బట్టి ఇచ్చినా ఇవ్వకపోయినా అడగలేని ప్రోత్సాహక మొత్తం కలిసి ఉంటవి. నెలకు చేతికి వచ్చేదెంత అన్నది లిఖితపూర్వకంగా తీసుకొనవలెను. మొదటి ఫోనులోనే పాత జీతం ఎంతో చెప్పి, బేరాన్ని దాని చుట్టూ కట్టివేసుకొనరాదు. ఆ ఉద్యోగానికి కంపెనీ కేటాయించిన వేతన పరిధి ఎంతో ముందుగా ఎదుటివారినే అడగవచ్చును.

నాలుగవది: అసలు సర్టిఫికెట్లు ఎవరికీ అప్పగించరాదు. చూపి, వెంటనే తిరిగి తీసుకొనవలెను. సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇవ్వరాదు. ఆధార్, పాన్, బ్యాంకు వివరాలను ఇంటర్వ్యూ దశలో ఇవ్వనవసరం లేదు. ఆధార్ చూపవలసి వస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ప్రతిని ఇవ్వవచ్చును. ఫోనుకు వచ్చిన ఓ.టి.పి.ని ఎవరికీ చెప్పరాదు.

ఐదవది: ఆఫరు లేఖను సరిచూడవలెను. అది కంపెనీ సొంత ఇ-మెయిలు చిరునామా నుండి వచ్చినదా, ఎవరైనా ఉచితంగా తెరువగల చిరునామా నుండి వచ్చినదా? లేఖలో ఉన్న ఫోను నంబరుకు కాక, కంపెనీ సొంత వెబ్‌సైటులో ఉన్న నంబరుకు ఫోను చేసి అడగవలెను. కంపెనీ నిజంగా నమోదైనదేనా అన్నది కేంద్ర కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ రికార్డులలో ఎవరైనా చూడవచ్చును. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవారు కొత్త నియామక లేఖ చేతికి వచ్చి, సరిచూచుకొనే వరకు రాజీనామా ఇవ్వరాదు.

ఆరవది: బాండును చదవకుండా సంతకం చేయరాదు. బాండ్లన్నీ చెల్లవని కొందరు ధైర్యం చెబుతారు. అది నిజం కాదు. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు అధికారి మూడేళ్లు నిండక ముందే రాజీనామా చేసిన కేసులో 2 లక్షల రూపాయల బాండును 2025 మే నెలలో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రతి బాండూ చెల్లుతుందని దీని అర్థం కాదు. సంతకం తేలికైన విషయం కాదని మాత్రం అర్థం.

ఏడవది: చేరిన తరువాత కూడా కన్ను తెరిచి ఉంచవలెను. ప్రావిడెంట్ ఫండు పాసుబుక్కులో నెలనెలా జమ పడుతున్నదో లేదో చూచుకొనవలెను. జీతపు స్లిప్పులో కోత కనిపించి, ఖాతాలో జమ కనిపించకపోతే ఆ నెలలోనే అడగవలెను.

విదేశీ ఉద్యోగానికి అదనపు జాగ్రత్త అవసరం. 1983 వలస చట్టం కింద నమోదైన ఏజెంటు మాత్రమే విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చవచ్చును. ఆ నమోదు సంఖ్యను అడిగి, విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వ్యవస్థలో సరిచూడవలెను. ఆ చట్టపు నిబంధనల ప్రకారం ఏజెంటు తీసుకొనదగిన సేవా రుసుముకు 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. పరిమితిగా నిర్ణయింపబడినది. పర్యాటక వీసాపై పంపుతామన్నవాడు ఉద్యోగానికి పంపడం లేదు, ఆపదకు పంపుతున్నాడు. అమెరికాకు హెచ్-1బీ వీసాపై తీసుకొనిపోయే కన్సల్టెన్సీలతో తెలుగు కుటుంబాలకు పరిచయం ఎక్కువ. అక్కడి చట్టం ప్రకారం, ప్రాజెక్టు లేదని ఉద్యోగిని ఖాళీగా కూర్చోబెట్టిన కాలానికి కూడా యజమాని నిర్ణీత జీతం చెల్లించవలసి ఉన్నది. "బెంచి మీద ఉన్నంత కాలం జీతం లేదు" అనేవాడు ఆ దేశపు చట్టాన్నే ఉల్లంఘిస్తున్నాడు.

చట్టంలోని ఖాళీ

వ్యక్తిగత జాగ్రత్త ఎంత ఉన్నా, ప్రభుత్వం తన బాధ్యత నుండి తప్పించుకొనడానికి అది కారణం కారాదు. పని చూపినందుకు పనివాని నుండి ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని రుసుము వసూలు చేయరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒడంబడిక చెబుతున్నది. భారతదేశం దానిని ఇంకా ధ్రువీకరించలేదు. బ్రిటన్‌లో 1973 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీల చట్టమే ఉద్యోగార్థి నుండి రుసుము తీసుకొనడాన్ని నిషేధించింది. విదేశాలకు పంపే ఏజెంటుకు మన దేశంలో చట్టం ఉన్నది. విజయవాడ నుండి బెంగళూరుకు పంపే ఏజెంటును నమోదు చేసి, తనిఖీ చేసి, రుసుమును నిషేధించే సమగ్రమైన కేంద్ర చట్టం లేదు. మోసం జరిగిన తరువాత భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను కింద వంచన కేసు పెట్టవచ్చును. దొంగతనం జరిగిన తరువాత తాళం కొనడం వంటిదే అది.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి తేబడినవి. వాటిపై కార్మిక సంఘాల అభ్యంతరాలు మన పాఠకులకు తెలిసినవే; ఇక్కడ వాటిని తిరిగి చర్చించడం లేదు. కాని చట్టంలో ఉన్నదానిని వాడుకొనడం మన విధి. ప్రతి ఉద్యోగికి నియామక లేఖ ఇవ్వవలెనని, ఉద్యోగం మానినా తొలగించినా రావలసిన వేతనాలను రెండు పని దినాలలో చెల్లించవలెనని, నిర్ణీత కాల ఉద్యోగికి ఒక సంవత్సరం సేవపై గ్రాట్యుటీ ఇవ్వవలెనని ఆ కోడ్‌లలో ఉన్నది. ఏజెన్సీ జీతపు పట్టీలో ఉన్న మన బిడ్డలకు ఈ మూడు మాటలు తెలిసి ఉండవలెను. 1959 చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ "కెరియర్ సెంటర్ల" గురించి చెబుతున్నది. పేరు మారినంత మాత్రాన పని జరగదు. 2015లో ప్రారంభించిన నేషనల్ కెరియర్ సర్వీసు ద్వారా ఉద్యోగార్థి ఉచితంగా నమోదు కావచ్చును. దానికి తగిన సిబ్బందిని, ప్రతిష్ఠను ఇచ్చినప్పుడే దళారి గిరాకీ తగ్గుతుంది.

కనుక మా కోరికలు స్పష్టం. దేశంలోపల పనిచేసే ప్రైవేటు నియామక ఏజెన్సీలన్నిటికీ నమోదు తప్పనిసరి చేయాలి. ఉద్యోగార్థి నుండి ఏ పేరుతోనైనా రుసుము వసూలు చేయడాన్ని, అసలు సర్టిఫికెట్లను అట్టిపెట్టుకొనడాన్ని శిక్షార్హమైన నేరాలుగా ప్రకటించాలి. ఏజెన్సీ ద్వారా మనుషులను తీసుకొనే కంపెనీ, ఆ ఏజెన్సీ చేసిన అక్రమానికి తానూ బాధ్యత వహించాలి. 181వ ఒడంబడికను ప్రభుత్వం ధ్రువీకరించాలి.

శాఖల కర్తవ్యం

చట్టం వచ్చే వరకు చేతులు ముడుచుకొని కూర్చోవలసిన పని లేదు. ప్రతి డివిజనులోనూ, ప్రతి శాఖలోనూ ఇద్దరు ముగ్గురు సభ్యులు ఈ బాధ్యత తీసుకొనవలెను. సాఫ్ట్‌వేర్ రంగంలో ఇప్పటికే పనిచేస్తున్న మన సభ్యుల పిల్లలను నెలకు ఒక ఆదివారం సంఘ కార్యాలయానికి ఆహ్వానించి, ఉద్యోగం వెదుకుచున్నవారితో మాట్లాడించవలెను. వచ్చిన ఆఫరు లేఖను, బాండును సంతకానికి ముందు అక్కడ చదివించవలెను. ఏజెన్సీకి చెల్లించడానికి పరపతి సంఘంలో అప్పు కోరే సభ్యుణ్ణి, సొమ్ము ఇవ్వక ముందే పక్కన కూర్చోబెట్టుకొని సోదరభావంతో మాట్లాడవలెను. ఆ ఒక్క సంభాషణ కొన్ని లక్షల రూపాయలను, అంతకు మించి ఒక కుటుంబపు మనశ్శాంతిని కాపాడగలదు.

ఇప్పటికే మోసపోయినవారు సిగ్గుపడి మౌనంగా ఉండరాదు. ఆన్‌లైనులో డబ్బు చెల్లించి ఉంటే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపితే ఆ సొమ్ము ముందుకు కదలకుండా ఆపగల అవకాశం అంత ఎక్కువ. రశీదులు, సందేశాలు, ఫోను నంబర్లు చెరిపివేయక భద్రపరచి పోలీసులకు ఫిర్యాదు ఇవ్వవలెను. ఒకే ఏజెన్సీ చేతిలో మోసపోయినవారు కలిసి వెళ్లినప్పుడు ఆ ఫిర్యాదుకు బలం ఉంటుంది. ఒంటరి గొంతును తోసిపుచ్చినంత తేలికగా పదిమంది గొంతును తోసిపుచ్చలేరన్నది మన సంఘాల పుట్టుకకే మూలసూత్రం కదా!

శ్రమ సరకు కాదని 1944లో ఫిలడెల్ఫియాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రకటించింది. శ్రమ సరకు కానప్పుడు, శ్రమించే అవకాశానికి ధర కట్టే హక్కు ఎవరికీ లేదు. మన బిడ్డలు చదువుకొన్నారు, పని నేర్చుకొన్నారు, పని చేయ సిద్ధంగా ఉన్నారు. ఉద్యోగం కొరకు వారు ఇవ్వవలసినది తమ నైపుణ్యం, తమ శ్రమ. అంతకు మించి పైసా కూడా ఇవ్వనవసరం లేదు. ఈ మాట ప్రతి క్వార్టరుకు, ప్రతి తపాలా కార్యాలయానికి, ప్రతి రన్నింగ్ రూముకు చేరవలెనని సోదర, సోదరీ ఉద్యోగులందరికీ విజ్ఞప్తి చేస్తున్నాము.